నాలా బురదలో లోహములు

తొలకరి వాన కురిసిన రోజున పంజాగుట్ట చౌరస్తాలో రోడ్డు మీద మొదట పారే నీరు సిరా కలిపినట్లు నల్లగా ఉంటుంది. కొంతసేపు గడిచేసరికి అదే నీరు తేటపడుతుంది. వేసవి నెలలలో పేరుకొన్న దుమ్ములో అధికభాగము ఆ మొదటి నీటితోనే కొట్టుకొనిపోతుంది. అమీర్‌పేటలో మైత్రీవనము దగ్గర కూడా ఇదే తంతు. ఎగువన యూసుఫ్‌గూడ, కృష్ణానగర్ వైపు నుండి దిగివచ్చే వాననీరు సైతము అక్కడ చేరడము వలన, కంప్యూటరు పాఠముల కొరకు వచ్చిన విద్యార్థులు పుస్తకాల సంచులు తడవకుండ ఎత్తిపట్టుకొని దాటవలసివస్తుంది. నీరు తీసిన తరువాత రోడ్డు కడిగినట్లు కనిపిస్తుంది. ఆ దుమ్ము ఏమైనదని అడిగేవారు అరుదు.

అది వట్టి మట్టి కాదు. మోటారు బండ్ల టైర్ల రబ్బరును గట్టిపరచేటప్పుడు జింకు ఆక్సైడును కలుపుతారు. టైరు అరిగినకొద్దీ ఆ జింకు రోడ్డు మీద రాలుతుంది. బ్రేకు లైనింగులలో రాగి, యాంటిమొని వంటివి ఉంటాయి. బండిని ఆపిన ప్రతిసారీ వాటి పొడి కొంత రాలుతుంది. బండ్లు ఆగుతూ కదులుతూ ఉండే చౌరస్తాలో ఈ పొడి తిన్నని రోడ్డు మీద కంటె ఎక్కువగా పడడములో ఆశ్చర్యము లేదు. రేకుల కప్పుల మీది పూత నుండి జింకు, పాత గోడలకు, తలుపులకు వేసిన రంగుల పెచ్చుల నుండి సీసము, క్రోమియము వీటితో కలుస్తాయి.

సీసము సంగతి ప్రత్యేకముగా చెప్పవలసి ఉన్నది. ఇంజనులో పెట్రోలు సాఫీగా మండడానికి సీసపు సమ్మేళనమొకటి పనికివస్తుందని 1921లో అమెరికాలో కనుగొన్నారు. 1923 నుండి దానిని కలిపిన పెట్రోలు అమ్మకానికి వచ్చింది. అప్పటి నుండి ప్రపంచములోని ప్రతి పెద్ద నగరపు రోడ్ల మీద పొగగొట్టముల నుండి సీసము రాలుతూనే వచ్చింది. భారతదేశములో 2000 ఫిబ్రవరి 1 నుండి సీసము లేని పెట్రోలును మాత్రమే అమ్ముతున్నారు. 2021లో అల్జీరియా దేశము మానివేయడముతో మోటారు బండ్ల పెట్రోలులో సీసము ప్రపంచమంతటా పోయింది. కాని అంతకు ముందు రాలిన సీసము పోలేదు. అది రోడ్ల ప్రక్క మట్టిలోను, నాలాల అడుగునను, చెరువుల అడుగునను నేటికీ ఉన్నది.

నీరు పోయే దారి

పంజాగుట్ట, అమీర్‌పేట రెండును హుస్సేన్‌సాగరు పరీవాహక ప్రాంతములోనివే. బంజారాహిల్స్ గుట్టల మీద పడిన నీరు బంజారా నాలాగా పంజాగుట్ట, సోమాజిగూడ పరిసరముల గుండా సాగరును చేరుతుంది. అమీర్‌పేటకు ఉత్తరముగా పారేది కూకట్‌పల్లి నాలా. సాగరుకు వచ్చే నాలాలలో ఇది అన్నిటికంటె పెద్దది. జీడిమెట్ల, బాలానగర్, సనత్‌నగర్ పారిశ్రామికవాడల మురుగు దశాబ్దముల తరబడి దీనిలోనే కలిసింది. లోహపు వస్తువులకు నికెలు, క్రోమియము పూతలు పూసే చిన్న కార్ఖానాలు ఆ ప్రాంతములో అనేకము ఉండేవి. పూత పూసిన తరువాత వస్తువును కడిగిన నీటిలో లోహములు కరిగి ఉంటాయి. వీటికి తోడు పికెట్ నాలా, బుల్కాపూర్ నాలా. అన్నీ కలిసి సుమారు 240 చదరపు కిలోమీటర్ల మేర పడిన వానను, ఆ మేర నివసించేవారి మురుగును సాగరులోకి తెచ్చాయి.

హుస్సేన్‌సాగరు 16వ శతాబ్దములో, ఇబ్రహీం కుతుబ్‌షా పరిపాలనలో, హుస్సేన్ షా వలీ పర్యవేక్షణలో కట్టినది. దాదాపు 1930 వరకు నగరము దాని నీటిని త్రాగింది. ఇప్పుడు ఆ మాట చెపితే పిల్లలు నమ్మరు. సాగరు నిండినప్పుడు మిగులు నీరు వేరొక నాలా గుండా దోమల్‌గూడ, నల్లకుంట, అంబర్‌పేట మీదుగా మూసీలో కలుస్తుంది. మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. కాబట్టి పంజాగుట్టలో బ్రేకు నుండి రాలిన రాగిపొడికి కృష్ణానది వరకు దారి తెరిచియే ఉన్నది. అయితే దానిలో చాల భాగము అంత దూరము ప్రయాణము చేయదు, దారిలోనే ఆగిపోతుంది. అది ఎక్కడ, ఎందుకు ఆగుతుందనేదే ఇక్కడ ముఖ్యవిషయము.

లోహము నీటిని విడిచి మట్టిని పట్టడము

సాంద్రత ఘనసెంటీమీటరుకు సుమారు 5 గ్రాములకు మించిన లోహములను భారలోహములనడము వాడుక. సీసము, కాడ్మియము, పాదరసము, క్రోమియము, నికెలు, రాగి, జింకు ఈ కోవలోనివి. ఆర్సెనిక్ సరిఅయిన లోహము కాకపోయినా విషగుణమును బట్టి దానిని వీటి సరసన చేర్చుతారు. ఈ పేరు రసాయనికులకు అంతగా నచ్చదు. బరువుకు, విషగుణమునకు నేరుగా సంబంధమేమీ లేదు గదా అని వారి ఆక్షేపణ. ఆ ఆక్షేపణ న్యాయమైనదే, అయినా పేరు స్థిరపడిపోయింది. రాగి, జింకు స్వల్పమాత్రలో శరీరమునకు అవసరము. సీసము, కాడ్మియము, పాదరసము వలన మనుష్య శరీరమునకు ఏ ఉపయోగమూ తెలియరాలేదు.

మురుగులోని తక్కిన మాలిన్యమునకు, లోహమునకు ఒక భేదమున్నది. అన్నము, కూరగాయల తుక్కు, మలము మొదలైనవి నాలాలో పడితే సూక్ష్మజీవులు వాటిని తిని, కార్బన్ డయాక్సైడుగా, నీరుగా మార్చివేస్తాయి. దానికి కొంత కాలము, తగినంత ఆక్సిజన్ ఉంటే చాలు. సీసము మూలకము. ఏ సూక్ష్మజీవియు దానిని జీర్ణము చేసికొని మరొక పదార్థముగా మార్చజాలదు. సమ్మేళనము మారవచ్చును, చోటు మారవచ్చును, సీసము సీసముగానే ఉంటుంది.

నీటిలోని లోహము చాలవరకు కరిగి ఉండదు, మట్టిరేణువులను పట్టుకొని ఉంటుంది. బంకమన్ను రేణువుల మీద ఋణవిద్యుదావేశము ఉంటుంది. లోహపు అయానులు ధనావేశము కలవి, కనుక రేణువు వాటిని ఆకర్షిస్తుంది. కొన్ని రకాల బంకమన్నులో ఒక్క గ్రాములోని రేణువుల ఉపరితలమంతా పరిస్తే వందల చదరపు మీటర్లు వస్తుంది. లోహము అంటుకొనడానికి అంత చోటు! రేణువుల మీద పూతవలె ఏర్పడే ఇనుము, మాంగనీసు ఆక్సైడులు, కుళ్లిన ఆకు అలములు కూడా లోహములను గట్టిగా పట్టుకొంటాయి. ముతక ఇసుకకు ఈ శక్తి తక్కువ. అందుచేతనే శాస్త్రజ్ఞులు బురదను పరీక్షించేటప్పుడు 63 మైక్రానుల జల్లెడ పట్టి, దిగువకు దిగిన మెత్తని పొడిని ప్రత్యేకముగా తీసికొంటారు. లేనియెడల ఒకచోట ఇసుక ఎక్కువ, మరొకచోట బంక ఎక్కువ ఉండి, రెండింటినీ పోల్చడము పొరపాటవుతుంది.

నాలాలో నీరు వడిగా పోతున్నంతసేపు ఈ రేణువులు తేలుతూ పోతాయి. సాగరులో కలిసే చోట వడి ఒక్కసారిగా తగ్గుతుంది, రేణువులు మేట వేస్తాయి. కాబట్టి మురుగు నాలాలు కలిసే మూలలలో మేట మందముగాను, లోహములు ఎక్కువగాను ఉండడము సహజము. పైన నీటిని సీసాలో పట్టి పరీక్షిస్తే లీటరులో మిల్లీగ్రాములో వెయ్యోవంతు సీసము కనిపించవచ్చును. అదే చోట అడుగున కిలోగ్రాము బురదలో నూరు మిల్లీగ్రాములు ఉండవచ్చును. బరువుకు బరువుగా చూస్తే ఇది లక్ష రెట్లు. నీటి పరీక్షను మాత్రమే చూచి చెరువు బాగున్నదని చెప్పడము, ఇంటి వాకిలి చూచి వంటగది శుభ్రముగా ఉన్నదని చెప్పడము వంటిది.

నల్లని బురద తాళము

నాలా బురద ఎందుకు నల్లగా ఉంటుంది? మురుగు కుళ్లడములో ఆక్సిజన్ అంతా ఖర్చయిపోతుంది. అప్పుడు ఆక్సిజన్ లేకుండ బ్రతికే బాక్టీరియములు నీటిలోని సల్ఫేటుతో పని జరుపుకొని, హైడ్రోజన్ సల్ఫైడు వాయువును విడుస్తాయి. కుళ్లిన కోడిగుడ్ల వాసన దీనిదే. ఈ వాయువు మట్టిలోని ఇనుముతో కలిసి ఇనుప సల్ఫైడు ఏర్పడుతుంది. దాని రంగు నలుపు. సీసము, కాడ్మియము, రాగి, జింకు అక్కడికి వచ్చినప్పుడు ఇనుమును తొలగించి తామే సల్ఫైడుతో జతపడతాయి. ఆ సల్ఫైడులు నీటిలో దాదాపు కరగవు. అనగా ముక్కు మూసికొని దూరముగా పోయే ఆ దుర్గంధపు బురద, లోహములకు తాళము వేసి ఉంచుతున్నదన్నమాట.

క్రోమియము విషయములో ఇది మరింత మేలు చేస్తుంది. లోహపు పూతల కార్ఖానాల నుండి వచ్చే క్రోమియము ఆరు సంయోజకత గలది. అది నీటిలో సులభముగా కరుగుతుంది, క్యాన్సరు కలిగించగలదు. ఆక్సిజన్ లేని బురదలో అది మూడు సంయోజకత గల క్రోమియముగా మారి అంతగా కరగని స్థితికి వస్తుంది. కాని పాదరసము విషయములో కథ తారుమారవుతుంది. అదే బురదలోని అవే బాక్టీరియములలో కొన్ని పాదరసమునకు మిథైల్ సమూహమును తగిలించి మిథైల్ పాదరసమును తయారుచేస్తాయి. ఇది పాదరసపు రూపములలో మిక్కిలి ప్రమాదకరమైనవాటిలో ఒకటి. జీవుల శరీరములో సులభముగా చేరి, మెదడుదాక పోతుంది.

ఈ తాళము ఎప్పటికీ నిలిచేది కాదు. బురదకు గాలి తగిలితే సల్ఫైడు ఆక్సీకరణము చెంది సల్ఫేటుగా మారుతుంది. దానితోపాటు కొంత ఆమ్లము పుడుతుంది, ఇంతవరకు కట్టుబడి ఉన్న లోహములు విడుదలవుతాయి. ఆమ్లము పెరిగితే కార్బొనేటులతో కలిసియున్న లోహములు కూడ కరుగుతాయి. వరద వస్తే అడుగున ఉన్నది పైకి లేస్తుంది. 2000 ఆగస్టు 24న బేగంపేటలో ఒక్క రోజున సుమారు 24 సెంటీమీటర్ల వాన పడి, కూకట్‌పల్లి నాలా పొంగి ఇండ్లలోకి వచ్చింది. 2020 అక్టోబరులో మరల అటువంటి వరద. వరద తీసిన తరువాత ఇండ్లలో మిగిలే ఒండ్రు చాలవరకు నాలా అడుగు నుండి లేచినదే. దానిని వాకిట కుప్పవేసి ఆరబెట్టితే, ఆరినకొద్దీ గాలికి ఎగిరే దుమ్మవుతుంది.

ఎంత ఉన్నది? ఎట్లా ఉన్నది?

బురదలోని లోహములను కొలవడము కష్టము కాదు. 1955లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞుడు అలన్ వాల్ష్ ప్రకటించిన పరమాణు శోషణ పద్ధతి వలన ఇది ఎంతో సులభమైనది. లోహము యొక్క ఆవిరిలోకి తగిన కాంతిని పంపి, ఎంత కాంతిని అది మ్రింగివేసిందో చూచి లోహపు పరిమాణమును చెపుతారు. ఇప్పుడు అంతకంటె సూక్ష్మమైన యంత్రములు కూడ ఉన్నవి. చిక్కు అంతా అంకె చేతికి వచ్చిన తరువాతనే.

మొదటి చిక్కు పోల్చడములో. ప్రతి మట్టిలోను స్వతస్సిద్ధముగానే కొంత లోహము ఉంటుంది. మనుష్యుడు చేర్చినది ఎంత, రాతి నుండి వచ్చినది ఎంత అని తెలియాలంటే ఒక సహజ ప్రమాణము కావాలి. చాలమంది 1961లో టురేకియన్, వెడెపోల్ అనే శాస్త్రజ్ఞులు ప్రకటించిన పట్టిక నుండి షేలు అనే రాతి సగటును వాడుతారు. దాని ప్రకారము కిలోగ్రాముకు జింకు 95, నికెలు 68, సీసము 20, కాడ్మియము 0.3 మిల్లీగ్రాములు. కాని హైదరాబాదు నేల షేలు కాదు, గ్రానైటు. బంజారాహిల్స్ బండలను చూచినవారికి ఇది చెప్పనక్కరలేదు. అదే పట్టికలో సున్నము తక్కువగా ఉండే గ్రానైటుకు నికెలు సగటు 4.5 మాత్రమే. ఒక నాలా బురదలో కిలోగ్రాముకు 68 మిల్లీగ్రాముల నికెలు ఉన్నదనుకొందాము. షేలుతో పోల్చితే అది పూర్తిగా సహజము. గ్రానైటుతో పోల్చితే 15 రెట్లు. రాయి మట్టిగా మారేటప్పుడు లోహములు కొంత చేరడము, పోవడము ఉంటుంది గనుక ఈ రెండవ లెక్క కూడ తుదిమాట కాదు. అయినా పరాయి ప్రమాణమును తెచ్చి ఇక్కడ పెట్టడములోని అపాయము దీనిని బట్టి తెలుస్తుంది. సాగరు అడుగున లోతుగా గొట్టము దింపి, కార్ఖానాలకు పూర్వము మేట వేసిన పొరలను తీసి, వాటినే ప్రమాణముగా గ్రహించడము ఉత్తమము.

రెండవ చిక్కు, అన్ని లోహములను ఒకే త్రాసులో వేయరాదు. 1980లో స్వీడను శాస్త్రజ్ఞుడు హాకాన్సన్ దీనికి ఒక లెక్క చెప్పినాడు. లోహము సహజ ప్రమాణమునకు ఎన్ని రెట్లున్నదో చూచి, ఆ సంఖ్యను దాని విషగుణమును తెలిపే గుణకముతో హెచ్చవేయాలి. గుణకము జింకుకు 1, క్రోమియముకు 2, రాగికి, సీసముకు 5, ఆర్సెనిక్‌కు 10, కాడ్మియముకు 30, పాదరసముకు 40. ఉదాహరణకు ఒక ఊహా నమూనాను తీసికొనవచ్చును. జింకు 475 మిల్లీగ్రాములు, అనగా షేలు లెక్కన 5 రెట్లు. హెచ్చవేస్తే 5. కాడ్మియము 1.5 మిల్లీగ్రాములు, అదియు 5 రెట్లే. హెచ్చవేస్తే 150. ఈ పద్ధతిలో 40కి లోపల ఉంటే ముప్పు స్వల్పము, 80 దాటితే చెప్పుకోదగినది. చూపునకు 475 పెద్దది, 1.5 చిన్నది. జలజీవులకు ముప్పు ఆ చిన్న అంకెలోనే ఎక్కువ.

ఈ లెక్కలోను ఒక లోపమున్నది. మొత్తము లోహమెంతో అది చూస్తుందే గాని, లోహము దేనిని పట్టుకొని ఉన్నదో చూడదు. దానికి టెస్సియర్, ఆయన సహచరులు 1979లో ఒక వరుస పరీక్షను ప్రవేశపెట్టినారు. బురదను మొదట తేలికైన ఉప్పునీటితోను, తరువాత బలహీనమైన ఆమ్లముతోను, ఆ పిమ్మట క్రమముగా తీవ్రమైన ద్రావణములతోను కడుగుతూ పోతారు. ఉప్పునీటికే ఊడివచ్చే లోహము జీవులకు తక్షణము అందుబాటులో ఉన్నట్లు. ఆమ్లముతో వచ్చేది కార్బొనేటులను పట్టుకొన్నది. తరువాత ఇనుము, మాంగనీసు ఆక్సైడులది, ఆ మీద సేంద్రియ పదార్థము, సల్ఫైడులది. కడపట అతి తీవ్రమైన ఆమ్లమునకు గాని కదలనిది రాతి స్ఫటికములలోనే ఇమిడియున్న లోహము. దాని వలన భయమేమీ లేదు. రెండు బురదలలో సీసము సమానముగా ఉన్నా, ఒకదానిలో అది రాతిలో ఉండవచ్చును, రెండవదానిలో ఉప్పునీటికే ఊడి రావచ్చును. బురద ముప్పును నిర్ణయించేది ఈ భేదమే.

అడుగున బ్రతికేవి

నాలా బురదలో జీవము లేదనుకొనడము సరికాదు. ఎఱ్ఱని దారపు పోగుల వంటి పురుగులు, కీటకముల డింభకములు అందులో గుంపులు గుంపులుగా బ్రతుకుతాయి. అవి బురదనే మ్రింగి, అందులోని ఆహారమును జీర్ణించుకొని, తక్కిన దానిని విసర్జిస్తాయి. వాటి ప్రేవులలోని రసములు బురదలోని లోహమును కొంత వేరుచేస్తాయి. వాటిని చిన్న చేపలు, చిన్న చేపలను కొరమీను వంటి వేటచేపలు, వాటిని కొంగలు తింటాయి. మిథైల్ పాదరసము ఈ మెట్లలో ఒక్కొక్క మెట్టు ఎక్కినకొద్దీ చిక్కబడుతుంది. సీసము, కాడ్మియము అట్లా మెట్టు మెట్టుకు పెరగవు, కాని ఎముకలలోను, మూత్రపిండములలోను చేరి చాలకాలము ఉండిపోతాయి.

సాగరులో ఒక్కొక్కసారి చేపలు గుట్టలుగా చచ్చి తేలినప్పుడు విషలోహములే కారణమని ప్రజలు అనుకొంటారు. సాధారణముగా దానికి కారణము నీటిలో ఆక్సిజన్ పడిపోవడము. లోహములు అంత బాహాటముగా చంపవు. గ్రుడ్లు పొదగకపోవడము, పిల్లలు ఎదగకపోవడము, సున్నితమైన జాతులు పోయి మొండి జాతులు మిగలడము — ఇట్లా నెమ్మదిగా పని చేస్తాయి. గుర్రపుడెక్క మొక్క వేళ్లతో లోహములను పీల్చుకొంటుంది. దానిని తీసి దూరముగా వేస్తే కొంత మేలే. నీటిలోనే కుళ్లనిస్తే పీల్చిన లోహము మరల అడుగుకే చేరుతుంది.

జపానులో మినమాటా తీరమున ఒక రసాయన కర్మాగారము 1932 నుండి 1968 వరకు పాదరసముతో కూడిన వ్యర్థములను సముద్రములోకి వదిలింది. 1956లో అక్కడి జాలరుల కుటుంబములలో నరముల వ్యాధి అధికారికముగా గుర్తింపబడింది. వదలడము ఆగిన తరువాత కూడ అఖాతపు అడుగు బురదలో పాదరసము ఉండిపోయింది. దానిని తవ్వి, తీరమున గోడ కట్టి, లోపల పోసి, పైన మట్టి కప్పే పని 1990 నాటికి గాని ముగియలేదు. అదే దేశములో జిన్‌జూ నది గట్టున గని నుండి వచ్చిన కాడ్మియము వరిపొలములలో మేటవేసి, ఎముకలు పెళుసెక్కే బాధాకరమైన వ్యాధిని తెచ్చింది. హుస్సేన్‌సాగరు మినమాటా కాదు. ఆ రెండింటిని ఒకే గాటికి కట్టడము అతిశయోక్తి అవుతుంది. కాని బురద ఎంతకాలము జ్ఞాపకము ఉంచుకొంటుందో తెలిసికొనడానికి మినమాటాను మించిన ఉదాహరణము లేదు.

సాగరుకు లోహములు వచ్చే మరొక దారి వినాయక నిమజ్జనము. పసుపు, ఎఱుపు, ఆకుపచ్చ రంగులలో సీసము, క్రోమియము, కాడ్మియము సమ్మేళనములు ఉండవచ్చును. నిమజ్జనమునకు ముందు, తరువాత సాగరు నీటిని పరీక్షించి, ఆర్సెనిక్, సీసము, పాదరసము పెరిగినట్లు 2001లో కరెంట్ సైన్స్ పత్రికలో ఒక పరిశీలన వెలువడింది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2010లోను, మరల 2020లోను నిమజ్జన నియమములను ప్రకటించింది. ఇండ్లకు వేసే రంగులలో సీసము పదిలక్షల భాగములలో 90 భాగములకు మించరాదనే నియమము 2017 నవంబరు నుండి అమలులోకి వచ్చింది. ఏడాదికొకసారి జరిగే నిమజ్జనమును గూర్చి జరిగే చర్చలో పదోవంతైనా, ఏడాది పొడుగునా పారే నాలాలను గూర్చి జరగదు.

పూడిక ఎక్కడ వేయాలి?

మూసీ దిగువన గ్రామములలో రైతులు నదికి అడ్డముగా కత్వలు కట్టి కాలువలకు నీరు మళ్లిస్తారు. ఒక్కొక్క కత్వ వెనుక నీరు నిలిచి, మేట వేసి, కొంత తేటపడి ముందుకు పోతుంది. నీరు పోగొట్టుకొన్నది బురదకు దక్కుతుంది. ఆ నీటితోనే వరి, ఆకుకూరలు పండుతాయి. బర్రెల మేతకు పారా గడ్డి పెంచుతారు. మురుగునీటితో పండించిన ఈ నేలలలో లోహములు మట్టి నుండి గడ్డికి, గడ్డి నుండి పాలకు ఎట్లా చేరుతున్నవో పరిశీలించిన అధ్యయనము 2008లో ప్రచురితమైనది. అంబర్‌పేటలో రోజుకు 33.9 కోట్ల లీటర్ల మురుగును శుద్ధిచేసే కేంద్రమున్నది. అటువంటి కేంద్రములలో నీరు తేటపడుతుంది, కాని మురుగులోని లోహములలో అధికభాగము అక్కడ మిగిలే మడ్డిలో చేరుతుంది. ఆ మడ్డిని గూర్చి కూడ ఇదే ప్రశ్న.

తెలుగునాట చెరువు పూడిక అంటే రైతుకు ప్రీతి. వేసవిలో చెరువు ఎండగానే బండ్లు కట్టి ఆ మట్టిని పొలములకు తోలుకొనడము తరతరములుగా ఉన్నది. 2015లో తెలంగాణలో మొదలైన మిషన్ కాకతీయలో కూడ పూడిక మట్టిని పొలములకు తరలించడమును ప్రోత్సహించినారు. గ్రామపు చెరువులకు ఆ అలవాటు బంగారము వంటిదే. ఆ చెరువుకు వచ్చేది పొలముల మీది పైమట్టి, పశువుల పేడ, ఆకు అలము. కూకట్‌పల్లి నాలా మేటకు వచ్చినది వేరు. రెండింటినీ పూడిక అనే ఒక్క మాటతో పిలవడము వలన చిక్కు వచ్చింది.

ఏటేటా వానలకు ముందు నగరములో నాలాల పూడిక తీస్తారు. తీయకపోతే అమీర్‌పేట మునుగుతుంది, కాబట్టి తీయక తప్పదు. తీసిన బురదను నాలా గట్టుననే కుప్పపోసి, నీరు ఓడిన తరువాత లారీలలో ఎత్తుకొనిపోవడము పరిపాటి. కుప్పను గమనిస్తే, నల్లగా పోసినది కొన్ని రోజులలో పైన గోధుమరంగుకు తిరుగుతుంది, లోపల త్రవ్వితే ఇంకా నల్లగానే ఉంటుంది. పైన సల్ఫైడు తాళము ఊడినది, లోపల ఇంకా ఉన్నది. ఆ సమయములో వాన పడితే గోధుమరంగు పొరను కడిగిన నీరు మరల నాలాలోకే పోతుంది. వట్టి చేతులతో ఆ బురదను ఎత్తే కూలీలకు, గట్టున ఆడుకొనే పిల్లలకు అది అంటుకొంటుంది. నోటికి చేయి పెట్టుకొనే వయస్సు పిల్లలలో సీసము కొద్దిగా చేరినా తెలివితేటల ఎదుగుదల కుంటుపడుతుందని నిస్సందేహముగా తేలినది.

2006లో జపాను ఋణసహాయముతో చేపట్టిన సాగరు అభివృద్ధి పథకములో నాలాలు కలిసే చోట మేటను తవ్వి తీయడము కూడ ఒక భాగము. తీసిన బురద ఎక్కడికి పోవాలనేది ఇటువంటి ప్రతి పనిలోను అన్నిటికంటె కఠినమైన ప్రశ్న. కొన్నిచోట్ల తీయకుండ ఉన్నచోటనే శుభ్రమైన ఇసుకతో కప్పివేయడము మేలు. కప్పితే గాలి తగలదు, సల్ఫైడు చెక్కుచెదరదు. కాని నాలా పారవలసి ఉన్నది గనుక అక్కడ ఆ ఉపాయము చెల్లదు. తీయవలసిన చోట తీసి, నీరు ఇంకని నేల మీద ఆరబెట్టి, ఓడిన నీటిని విడిగా పట్టి, లోహములు ఎంత సులభముగా ఊడుతున్నవో పరీక్షించి, దానిని బట్టి పొలమా, పల్లపు భూమి పూడ్పా, ప్రమాదకర వ్యర్థముల గొయ్యా అని నిర్ణయించాలి.

ఆ పరీక్ష పెద్ద పనేమీ కాదు. బురదకు ఇరవై రెట్లు బలహీనమైన ఎసిటిక్ ఆమ్లపు ద్రావణమును చేర్చి, సీసాలో గిరగిర తిప్పుతూ 18 గంటలు ఉంచి, వడగట్టి, దిగిన నీటిలో లోహములను కొలుస్తారు. నాలా గట్టున పోసిన కుప్ప ఆరడానికి అంతకంటె ఎక్కువ కాలమే పడుతుంది.